స్టాండు చప్పుడు

శ్రీకాకుళం

ప్రియమైన మిత్రునికి,

ఇక్కడ మేమంతా క్షేమం. హైదరాబాదులో చెల్లెమ్మ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మొన్న ఫోనులో నువ్వు మా బావ సంగతి అడిగినప్పుడు, పక్కనే అమ్మ ఉండటం వల్ల, బాగానే ఉన్నాడని మాట దాటవేశాను. నీ దగ్గర కూడా దాచడం నాకు నచ్చలేదు. అందుకే ఈ ఆదివారం తీరికగా కూర్చుని రాస్తున్నాను.

నెల క్రితం ఆమదాలవలస దగ్గర మా అప్ప వాళ్ల ఊరు వెళ్లి, ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. ఏడో తరగతి చదువుతున్న మేనకోడలు నా పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. తొమ్మిది దాటాక వాకిట్లో బండి ఆగింది. ఆ పిల్ల పెన్సిలు పట్టుకున్న చెయ్యి అలాగే ఆపి చెవి రిక్కించింది. స్టాండు ఒకసారి రాతిమీద గీరుకుని జారింది, మళ్లీ గీరుకుంది. అంతే, పుస్తకాలు సంచిలో సర్దేసి, గోడవైపు తిరిగి, దుప్పటి ముసుగు పెట్టేసింది. పొద్దున అడిగితే, "ఒక్కసారికే స్టాండు పడితే నాన్న తాగలేదని అర్థం మావయ్యా, అప్పుడు చదువుకోవచ్చు" అని చెప్పింది. బావ ఆ రాత్రి ఎవరినీ కొట్టలేదు, గట్టిగా అరవనూ లేదు. అయినా పన్నెండేళ్ల పిల్ల రోజూ ఆ చప్పుడు కోసం కాచుకుని ఉండటం నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

బావ మొదటినుంచీ తాగుబోతు కాడని నీకు తెలుసు. మన వైపు చాలామందిలాగే వలసపోయి, చెన్నైలో సెంట్రింగు పని చేసినప్పుడు, ఒళ్లు నొప్పులకు క్వార్టరు వేసుకుంటే నిద్ర పడుతుందని మేస్త్రీ అలవాటు చేశాడట. మద్యంతో నిద్ర త్వరగా పట్టే మాట నిజమే గానీ, నడిరాత్రి దాటాక అదే నిద్రను చెడగొడుతుంది. పొద్దున్నే లేచేసరికి అలసట అలాగే ఉంటుంది, సాయంత్రానికి మళ్లీ అదే కావాలనిపిస్తుంది, కొన్నాళ్లకు శరీరం ఆ మోతాదుకు అలవాటుపడి ఇంకొంచెం అడుగుతుంది. ఊరికి తిరిగొచ్చాక పని తగ్గింది, అలవాటు మాత్రం తగ్గలేదు. అప్ప డ్వాక్రా వాయిదా డబ్బు బియ్యం డబ్బా అడుగున దాచేది. పనికి పిలవడానికి ఎవరైనా వస్తే, జ్వరమని చెప్పి పంపేసేది. ఆ వాయిదాలు రెండుసార్లు నేనే కట్టి, పరువు నిలబెట్టానని అనుకున్నాను. ఆ పరువు కోసమే మేమంతా ఇన్నేళ్లు నోరు విప్పలేదు, అంతకాలమూ జబ్బు ముదురుతూ వచ్చింది.

నాలుగేళ్ల క్రితం అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు 41 రోజులూ చుక్క ముట్టలేదు. వీధివీధంతా స్వామీ అని పిలిచింది, ఇంటిల్లిపాదీ ఆయన నియమానికి అనుగుణంగా నడిచింది, తోటి స్వాములు ఒక్క పూట కూడా ఒంటరిగా వదల్లేదు. మాల తీసిన మర్నాటి నుంచి ఆ తోడు లేకుండా పోయింది. వారం తిరక్కుండానే మళ్లీ మొదలు. కిందటి కార్తికంలో మళ్లీ మాల వేసుకున్నాడు. అప్పటికి తాగుడు బాగా పెరిగిపోయింది. రెండో రోజుకు చేతులు వణికి టీ గ్లాసు పట్టుకోలేకపోయాడు. మూడో రాత్రి గోడమీద చీమలు పాకుతున్నాయంటూ చేత్తో దులపడం మొదలుపెట్టాడు. దీక్షలో అపచారం జరిగిందని పెద్దలు అన్నారు. అదృష్టవశాత్తు అప్ప వినలేదు, తెల్లవారకుండానే ఆసుపత్రికి తీసుకుపోయింది.

రోజూ మద్యం మత్తుకు సర్దుకున్న మెదడు, అది హఠాత్తుగా ఆగిపోతే అదుపు తప్పి ఉద్రేకపడుతుందనీ, ఫిట్స్, మతిభ్రమ రావచ్చనీ, ప్రాణానికే ముప్పనీ అక్కడి డాక్టరు వివరించారు. థయమిన్ అనే బి1 విటమిన్ సూదిమందు ఇచ్చారు. ఇలాంటివారికి వైద్యుడి పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మాన్పించకూడదని గట్టిగా చెప్పారు. ఒట్టు వేయించుకుంటే చాలనుకునే మనకు ఈ సంగతి ఎవరు చెప్పారు? మత్తు మానాలనుకునేవారి కోసం ప్రభుత్వం నడుపుతున్న 14446 నంబరు కూడా ఆ తరువాతే నాకు తెలిసింది. రెండు నెలలు బాగానే ఉండి, మళ్లీ జారిపోయాడు. వీధి చివర బెల్టు షాపు ఉంది, 2024 నుంచి క్వార్టరు 99 రూపాయలకే దొరుకుతోంది. షుగరులాగే ఇదీ తిరగబెట్టే జబ్బేనని డాక్టరు అన్నారు. ఇప్పుడు మళ్లీ మందులు వాడుతున్నాడు. ఈసారి నేనే వెంట వెళ్తున్నాను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగితే మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం కూడా వచ్చింది. 1997లో దానిని ఎత్తేశారు. ఆ ఆడవాళ్లు తమ ఇంటి గుట్టును నడివీధిలో పెట్టారు. మా ఇంట్లో మేము చేయలేకపోయింది అదే.

ఇక అసలు సంగతి. పెద్ద మేనల్లుడికి 19 ఏళ్లు. మన రాష్ట్రంలో 21 నిండనివారికి మద్యం అమ్మకూడదు. మెదడు ఎదుగుదల పాతికేళ్ల దాకా సాగుతూనే ఉంటుంది, చిన్న వయసులో మొదలుపెట్టినవారు దానికి బానిసలయ్యే అవకాశమూ ఎక్కువ. వాడు ఇప్పుడు పుట్టినరోజులకు, ఊరి జాతరకు బీరు తాగుతున్నాడని తెలిసి నిలదీశాను. "మొదటి గ్లాసు మీరందరూ ఉండగానే తాగాను కదా మావయ్యా" అన్నాడు. నిరుటి భోగి సాయంత్రం చెరువు గట్టున మనవాళ్లలో ఒకరు, మగాడివయ్యావురా అంటూ, వాడి చేతికి గ్లాసు అందించారు. మనం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నవ్వు వాడికి అనుమతిగా మిగిలిపోయింది.

సంక్రాంతికి నువ్వు వస్తావు, అందరం కలుస్తాం. ఈసారి గట్టుమీదికి సీసా రాకూడదని మనవాళ్లకు నువ్వు కూడా ముందుగా ఫోను చేసి చెప్పాలి. నేనొక్కడినే అంటే మా బావ గొడవని తీసిపారేస్తారు. మేనల్లుడు నీ మాట వింటాడు, ఒక పూట వాడిని వెంటబెట్టుకుని కళింగపట్నం వెళ్లు, నీతిబోధ లేకుండా మాట్లాడు. బావ దగ్గర కూడా కాసేపు కూర్చో. జ్వరం తగ్గిందా అని మాత్రం అడగకు, మందులు వేసుకుంటున్నావా అని సూటిగానే అడుగు. ఏ రోజు బయలుదేరేదీ రాస్తే స్టేషనుకు వస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు