చీమల పుట్టలో ఆజ్ఞలిచ్చేవారు లేరు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పిల్లల పేజీలో చీమల మీద వచ్చిన వ్యాసంలో రాణి చీమ ఆజ్ఞలిస్తుందని, మగ సైనికులు వాటిని అమలు చేస్తారని, చీమ ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండదని రాశారు. ఈ మూడూ తప్పే. పిల్లలు నమ్మి చదివే చోట ఇవి అచ్చుకావడం బాధ కలిగించింది. అసలు సంగతి ఈ కథకంటే ఎంతో గొప్పది కాబట్టి ఆ బాధ ఇంకాస్త ఎక్కువ.

ముందు మగ సైనికుల మాట. పుట్టలో పనిచేసే చీమలన్నీ ఆడవే. పెద్ద తలతో, బలమైన దవడలతో కాపలా కాసేవీ ఆడవే. ఫలదీకరణ జరిగిన గుడ్డు నుంచి ఆడచీమ, జరగని గుడ్డు నుంచి మగచీమ పుడతాయి. అంటే మగచీమకు తల్లే తప్ప తండ్రి ఉండడు. మగవాటికి రెక్కలుంటాయి. జతకట్టడానికి ఎగిరే రోజుల్లో బయటికొస్తాయి, ఆ తర్వాత ఎక్కువ కాలం బతకవు. ఆడగుడ్డు రాణి అవుతుందా, పనిచీమ అవుతుందా అన్నది చాలా జాతుల్లో డింభకదశలో, అంటే గుడ్డు నుంచి వచ్చిన పురుగుగా ఉన్నప్పుడు, దొరికిన తిండిని బట్టి తేలుతుంది.

జతకట్టాక రాణి తన రెక్కలు తానే రాల్చేసుకుని, నేలలో చిన్న గది తవ్వి లోపలి నుంచి మూసేసుకుంటుంది. చాలా జాతుల్లో తొలి పిల్లలు ఎదిగేదాకా అది ఏమీ తినదు. ఇక అక్కరలేని రెక్కల కండరాలే కరిగి దానికీ డింభకాలకూ ఆహారమవుతాయి. తొలి పనిచీమలు మరీ చిన్నవిగా ఉండేది ఆ తిండి చాలకే. జతకట్టినప్పుడు దాచుకున్న శుక్రకణాలతోనే అది జీవితాంతం గుడ్లు పెడుతుంది. లేసియస్ నైజర్ అనే నల్లచీమ రాణి ఒకటి పెంపకంలో 28 ఏళ్లకు పైగా బతికింది. రాణి వాసన ‘నేనున్నాను’ అని చెబుతుంది, పనిచీమల్లో గుడ్లు తయారు కాకుండా ఆపుతుంది. ఎవరు తవ్వాలో, ఎవరు తిండికి పోవాలో మాత్రం చెప్పదు.

మరి పనులెలా సాగుతున్నాయి? గింజలు ఏరుకునే ఎర్రచీమలపై శాస్త్రవేత్త డెబోరా గోర్డన్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన దీనికి చక్కని జవాబిచ్చింది. ఎదురైన ప్రతి చీమనూ ఇవి తలమీది మీసాల్లాంటి స్పర్శశృంగాలతో తాకుతాయి. ఒంటి మీది మైనపు పూతలో, చేసే పనిని బట్టి, వాసన తేడా ఉంటుంది. పొద్దున్నే చుట్టూ చూసి రావడానికి వెళ్లిన చీమలు తిరిగొచ్చే వేగాన్ని బట్టే తిండికి పోయే చీమలు బయలుదేరతాయి. అలా చూసి వచ్చే చీమల వాసన పూసిన చిన్న గాజుపూసలను పుట్టలోకి జారవిడిచి చూశారు. సుమారు 10 సెకన్లకొకటి చొప్పున వేస్తే చీమలు బయటికి కదిలాయి, మరీ నెమ్మదిగా వేస్తే కదల్లేదు. వెళ్లినవాళ్లు తిరిగి రాలేదంటే బయట ప్రమాదం ఉందన్నమాట. ఆ లెక్క వేసే అధికారి ఎవరూ లేరు. ఎన్ని చీమలు ఎంత త్వరగా ఎదురయ్యాయన్నదే లెక్క.

విశ్రాంతి సంగతీ అంతే. టెమ్నోథొరాక్స్ అనే చిన్న చీమల పుట్టల్లో దాదాపు 40 శాతం పనిచీమలు ఎప్పుడు చూసినా ఊరికే ఉన్నట్టు తేలింది. చురుకైన వాటిని తీసేస్తే కొన్నాళ్లలోనే వీటిలో కొన్ని ఆ పనులు అందుకున్నాయి. వాటిని సోమరులనడం కంటే నిలవబలం అనడం సరైనది. ఇక వయసు కూడా పని మారుస్తుంది. చిన్నవి గుడ్ల దగ్గర, డింభకాల దగ్గర ఉంటాయి, ముదిరినవి బయటికి పోతాయి. బయట చావు ఎక్కువ, ఎలాగూ బతుకు చివరికొచ్చినవి పోతే పుట్టకు నష్టం తక్కువ.

వాసన మీద ఇంతగా ఆధారపడటంలో చిక్కులూ ఉన్నాయి. చచ్చిన చీమ ఒంట్లో ఓలిక్ ఆమ్లం పేరుకుంటుంది, ఆ వాసన తగిలితే తక్కినవి దాన్ని చెత్తకుప్ప దగ్గర పారేస్తాయి. 1958లో చీమల శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్, ఆయన సహచరులు ఆ ఆమ్లాన్ని బతికున్న చీమలకు పూశారు. కాళ్లు ఆడిస్తున్నా వాటినీ మోసుకెళ్లి పడేశాయి! ఒళ్లు శుభ్రం చేసుకునేదాకా లోపలికి రానివ్వలేదు. దండుగా కదిలే గుడ్డి చీమలు తమ వాసనబాట మీదికే తిరిగొచ్చి గుండ్రంగా తిరుగుతూ అలిసి చచ్చిపోయిన సందర్భాలూ నమోదయ్యాయి. మరోవైపు, 2024లో ప్రచురితమైన ఒక పరిశోధన ఫ్లోరిడా గండుచీమల గురించి అబ్బురపరిచే సంగతి చెప్పింది. తోటి చీమకు తొడభాగంలో గాయమైతే ఇవి కాలును మొదటికంటా కొరికి తీసేస్తాయి. గాయం కింది భాగంలో ఉంటే నాకి శుభ్రం చేస్తాయే తప్ప కాలు తీయవు. కోత పూర్తవడానికి 40 నిమిషాలైనా పడుతుంది. కింది గాయంలో సూక్ష్మక్రిములు ఒంట్లోకి త్వరగా పాకుతాయి కాబట్టి అంతసేపు కోసి లాభం ఉండదని పరిశోధకుల వివరణ.

ఇంతటి ఏర్పాటు ఎక్కడి నుంచి వచ్చింది? చీమలు కందిరీగల వంశంలో పుట్టినవి, తేనెటీగలు వాటికి దాయాదులు. చెదపురుగులు మాత్రం బొద్దింకల వంశం, సంఘజీవితం వాటికి విడిగా అబ్బింది. దీపాల చుట్టూ మూగే ఉసిళ్లు కూడా రెక్కలొచ్చిన చెదలే. గుర్తుపట్టడం తేలిక: రెక్కల చీమకు సన్నని నడుము, మోచేయిలా వంగిన స్పర్శశృంగాలు, వెనకవాటికంటే పెద్దవైన ముందు రెక్కలు ఉంటాయి. ఉసిలికి నడుము సన్నగా ఉండదు, నాలుగు రెక్కలూ సమానం.

అమెరికాలోని న్యూజెర్సీలో దొరికిన, గట్టిపడిన చెట్టు జిగురైన అంబర్‌లోని, సుమారు 9 కోట్ల ఏళ్లనాటి చీమకు 1967లో విల్సన్, కార్పెంటర్, బ్రౌన్ స్ఫెకోమిర్మా అని పేరుపెట్టారు. దాని పొట్టి దవడలు కందిరీగవి, నడుము చీమది. మయన్మార్ అంబర్‌లో ఇంకా పాతవి, దాదాపు 10 కోట్ల ఏళ్లనాటివి దొరికాయి. వాటిలో అప్పటికే రాణులు వేరు, పనిచీమలు వేరు.

కూతుళ్లు సొంత పిల్లల్ని వదులుకుని తల్లి పిల్లల్ని పెంచడమేమిటన్న ప్రశ్న 1859లో డార్విన్‌నే ఇబ్బందిపెట్టింది. 1964లో జీవశాస్త్రవేత్త హామిల్టన్ బంధుత్వపు లెక్కతో దారి చూపాడు. పనిచీమకు చెల్లెళ్లతో జన్యువుల పోలిక నాలుగింట మూడు వంతులు, సొంత బిడ్డతో సగమే, కాబట్టి చెల్లెళ్లను పెంచడమే లాభమని పుస్తకాలు ఆపేస్తాయి. ఆ వాదన సగమే. తమ్ముళ్లతో పోలిక నాలుగో వంతే, రెండూ కలిపి సగటు తీస్తే మళ్లీ సగమే వస్తుంది. అసలు కీలకం తల్లి ఒక్క మగవాడితోనే జతకట్టడం. అప్పుడు తోబుట్టువూ సొంత బిడ్డా ఒకే విలువ. కట్టి ఉన్న గూడు, కాపలా, తల్లి పోయినా పిల్లల్ని పెంచేవాళ్లుండటం లాంటి ఏ చిన్న లాభమైనా త్రాసును మొగ్గేలా చేస్తుంది. చీమలు, తేనెటీగలు, కందిరీగల జాతులు 267 పోల్చిచూసిన 2008 నాటి అధ్యయనం మూలాల్లో ఈ ఒంటిజతే ఉందని చూపింది. రాణులు పలు మగవాటితో జతకట్టడం తర్వాత వచ్చిన మార్పు.

మీ ఇంటి చిట్కాల శీర్షికకూ ఇందులో పని ఉంది. చీమల బారు మీద మందు కొట్టమని రాస్తుంటారు. దాంతో చచ్చేది బయట తిరిగే కొద్ది చీమలే. ఇళ్లలో తిరిగే చిన్న ఫారో చీమల్లాంటి జాతుల్లోనైతే గుంపు చీలి రెండు మూడు చోట్ల గూళ్లు పెడుతుంది. చీమ తాగిన ద్రవాన్ని పొట్టలోని సంచిలో దాచి తోటివాటి నోటికి అందిస్తుంది. కాబట్టి నెమ్మదిగా పనిచేసే ఎర మేలు: 100 మిల్లీలీటర్ల నీటికి 10 గ్రాముల చక్కెర, 1 గ్రాము బోరిక్ ఆమ్లం. మోతాదు పెంచితే చీమలు తాకవు, లేదా పంచకముందే చస్తాయి. పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందని చోట పెట్టాలి. ఎర పెట్టినన్నాళ్లు బారును తుడవకూడదు.

సవరణ వేసేటప్పుడు పక్కనే పిల్లలకు ఈ పరీక్ష కూడా వేయండి. చీమల బారు మీద మూడు కాగితం ముక్కలను అంచులు కలిపి వరుసగా పరచాలి. చీమలు వాటి మీదుగా నడవడం మొదలుపెట్టాక అరగంట ఆగి, మధ్య కాగితాన్ని పావువంతు తిప్పాలి. అంచు దగ్గర చీమలు ఆగి, అటూ ఇటూ వెతుకుతాయి. కొంతసేపటికి కొత్త బాట పడుతుంది. గోడ వెంట పోయే బారుతో ఇది కుదరదు, అవి గోడ అంచునే పట్టుకుని పోతాయి. చీమలు పలచగా ఉన్నా కుదరదు, కాగితం మీద చాలినంత వాసన పడదు. అలాంటప్పుడు తీపి చుక్క పెట్టి బారు చిక్కబడేదాకా ఆగాలి.

ఇట్లు,
ఒక కీటకశాస్త్ర అధ్యాపకుడు