నాలుగు గంటల లెక్క

ఎడిటర్ గారికి,

నమస్కారం. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ రోగుల గురించి వార్త వచ్చినప్పుడల్లా డయాలసిస్‌ను ‘నాలుగు గంటల చికిత్స’ అని రాస్తారు. అబద్ధమేమీ కాదు, యంత్రం మీద ఉండేది నాలుగు గంటలే. నేను కవిటి మండలంలో బట్టలు కుట్టుకుని బతికే దర్జీని. కొలతలు తీయడమే నా వృత్తి కనుక ఈ కొలత కూడా సరిచేసి పంపుతున్నాను.

నాకు మంగళ, శుక్రవారాల్లో డయాలసిస్. ఆ రోజుల్లో అయిదింటికే లేస్తాను. ముందుగా ఎడమ చేతి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, మీద వేళ్లు ఆనించి చూసుకుంటాను. జుమ్మని అదురు తగిలితే రక్తం పారుతున్నట్టే, ఆ తరువాతే పొయ్యి వెలిగిస్తాను. ఏడున్నరకు ఆటోలో హైవే దాకా, అక్కడి నుంచి బస్సులో వెళ్లాలి. పదింటికి రమ్మంటారు. నాకు ముందు ఎక్కినవారు దిగి, యంత్రం శుభ్రం చేసి, నా పేరు పిలిచేసరికి ఒంటిగంట అవుతుంది. నాలుగు గంటలూ అయ్యాక సూదులు తీసిన చోట పావుగంట అదిమి పట్టుకోవాలి. బీపీ పడిపోతే మరో అరగంట మంచం దిగనివ్వరు. ఇల్లు చేరేది రాత్రి ఎనిమిదికి. అంటే గడప దాటి తిరిగి వచ్చేసరికి పన్నెండున్నర గంటలు. మర్నాడు మధ్యాహ్నం దాకా కత్తెర పట్టుకోవడానికి చేతిలో సత్తువ ఉండదు. దాన్ని ఏ లెక్కలో రాయాలో మీరే చెప్పాలి.

మిగతా రోజులు ఖాళీ అనుకుంటారు. కూరగాయలు తరిగి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు కూర వండుకోవాలి. లేకపోతే రక్తంలో పొటాషియం అనే లవణం పెరుగుతుంది, అది గుండెకు ముప్పు. తాగే నీళ్లకూ హద్దుంది, పొద్దున్నే సీసాలో కొలిచి పెట్టుకుంటాను. సాయంత్రానికి అడుగున రెండు గుక్కలు మిగిలితే ఆ రోజు గెలిచినట్టే. చుట్టూ కొబ్బరి తోటలే, నాకు మాత్రం కొబ్బరి నీళ్లు పనికిరావు, వాటిలోనూ పొటాషియం ఎక్కువే. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం బొండం కొట్టి ఇవ్వబోతారు, వద్దంటే నొచ్చుకుంటారు.

లైనింగు జాకెట్టు కుట్టడం నాకు రెండు గంటల పని. పెళ్లిళ్ల రోజుల్లో ఒక్క మంగళవారం పోతే ఎన్ని జాకెట్లు పోతాయో లెక్క వేసుకోండి. ఎదురుచూసేటప్పుడు హుక్కులు కుట్టుకుంటాను. యంత్రం ఎక్కాక ఎడమ చెయ్యి కదపకూడదు, ఒంటి చేత్తో హుక్కు కుట్టడం ఇంకా నేర్చుకోలేదు.

చికిత్సకు డబ్బు తీసుకోవడం లేదు. నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. కాదనను. మా ఊళ్లలో ఈ జబ్బు ఎందుకు వస్తోందో తేల్చడానికి పెద్దవాళ్లకు ఎంత కాలం పడుతుందో అడిగేంత చదువు నాకు లేదు. నేను అడిగేది గడియారం సంగతి.

ఒంటిగంటకు యంత్రం దొరికేటట్టయితే పదింటికి ఎందుకు రమ్మనాలి? ఆలస్యమవుతుందని తెలిసిన రోజు ముందుగా ఒక్క ఫోను చేస్తే ఒక జాకెట్టు పూర్తిచేసి వస్తాను. నెలకోసారి చేసే రక్తపరీక్షకు గురువారం విడిగా రమ్మంటున్నారు. మంగళవారం ఎలాగూ సూది గుచ్చుతారు కదా, ఆ రక్తమే తీసుకోకూడదా? పింఛను ఒకటో తేదీన ఇంటికి తెచ్చి ఇస్తారు. అది మంగళవారమో శుక్రవారమో అయితే నేను ఇంట్లో ఉండను, మర్నాడు కాళ్లీడ్చుకుంటూ గ్రామ సచివాలయానికి వెళ్లి వేలిముద్ర వేస్తాను. మా వీధిలో డయాలసిస్ చేయించుకునేవాళ్లం ఎవరు, ఏ రోజు వెళతామన్నది పింఛను తెచ్చేవాళ్లకు తెలియనిది కాదు.

నేను వెళ్లే కేంద్రం పేరు రాయడం లేదు. అక్కడి సిస్టర్లు మంచివాళ్లు, తిండి మానేసి పనిచేస్తారు. వేళలు వేసేది వాళ్లు కాదు.

ఈ ఉత్తరం అక్కడి బెంచీ మీదే మొదలుపెట్టాను. సగంలో పేరు పిలిచారు. మిగతాది ఇవాళ, బుధవారం సాయంత్రం రాస్తున్నాను. ఇవ్వాల్సిన జాకెట్లు మూడు ఇంకా మిషను పక్కనే ఉన్నాయి.

ఇట్లు,
ఒక దర్జీ,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా