2025 వార్షిక నివేదిక: బాడుగిళ్లు, ఆసుపత్రులు, ఉద్యోగాల తిప్పలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదిక ఆలస్యమైంది, తప్పు నాదే. సంక్రాంతికి అందరూ ఊళ్లకు పోకముందే చేతికివ్వాలని నిన్న రాత్రి కూర్చుని రాశాను, అక్కడక్కడ వరస తప్పితే సర్దుకోండి. పోయినేడాది రిపోర్టు మరీ ఆఫీసు కాగితంలా ఉందని, ఫొటోల పేజీ తప్ప ఎవరూ చదవలేదని కమిటీలోనే అన్నారు కదా, అందుకే ఈసారి మీటింగులో మాట్లాడుకున్నట్టే రాస్తున్నా.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఆదోని, ఆలూరు, పత్తికొండ, కోసిగి వైపు పల్లెల నుంచి కర్నూలు వచ్చి బాడుగకు ఉంటున్నవాళ్ల సంఘం మనది. ఇప్పటికి 58 కుటుంబాలు. సగం ఇళ్లలో ఒకప్పుడు గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి (వలస కూలికి) పోయినవాళ్లే ఉన్నారు, పిల్లల చదువుల కోసం ఆ పోక మానేసి టౌనులో పడ్డాం.

మినిట్స్ పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. మన దగ్గరికి వచ్చిన కేసుల్లో ముక్కాలు వంతు, పని చేతులు దాటాక వచ్చినవే. డబ్బు కట్టేశాక, సంతకం పెట్టేశాక, ఇల్లు ఖాళీ చేసి సామాను ఆటోలో ఎక్కించాక ఫోన్ చేస్తారు. అప్పుడు కమిటీ మాత్రం ఏం చేస్తుంది, పక్కన కూర్చుని టీ తాగడం తప్ప.

ముందు ఇళ్ల సంగతి, ఎందుకంటే ఈ ఏడాది పంచాయితీలు ఎక్కువ వాటి మీదే.

కర్నూలులో ఇల్లు దొరకడం ఎప్పుడూ కష్టమే. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు సర్కారు ఆఫీసులే డేరాల్లో నడిచాయి, ఎ, బి, సి క్యాంపులనే పేర్లు ఆ కాలానివే. మనకైతే డేరా కూడా ఎవరూ ఇవ్వరు. టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే బాడుగ ఎంతో చెప్పకముందే "మీరేమోళ్లు?" అంటారు. ఆ తర్వాత "నీసు తింటారా?", "ఎంతమంది ఉంటారు?". మగదిక్కు లేని ఒక అక్క ఇద్దరు పిల్లలతో ఇల్లు వెతుక్కుంటే పదకొండు ఇళ్లు తిరిగింది, చివరికి మన సభ్యుల్లో ఒకాయన తన ఓనరుతో మాట్లాడి మిద్దె మీది రెండు గదులు ఇప్పించాడు. పాతబస్తీలో కింది పోర్షన్ తీసుకునేవాళ్లు మాత్రం ఒక మాట తప్పకుండా అడగండి: 2009 వరదలో ఈ ఇంట్లోకి నీళ్లు ఎంతవరకు వచ్చాయి? అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి రెండూ ఊళ్లోకి వచ్చిన సంగతి పాతవాళ్లకు బాగా గుర్తుంది. ఓనరు చెప్పకపోయినా పక్కింటి ముసలమ్మ గోడ మీద గీత చూపిస్తుంది.

అడ్వాన్సు గొడవలు ఆరు వచ్చాయి. అన్నిట్లోనూ ఒకటే కథ, ఖాళీ చేసేటప్పుడు పెయింటుకని, పగిలిన సింకుకని పట్టుకుంటారు. ఆ సింకు మనం వచ్చేసరికే పగిలి ఉందని రుజువు ఏది? అందుకే మార్చి నుంచి ఒక పేజీ కాగితం తయారుచేసి జిరాక్సులు పంచుతున్నాం: ఫ్యాన్లు ఎన్ని, కొళాయిలు ఎన్ని, మీటరు రీడింగు ఎంత, గోడలకు చెమ్మ ఉందా, కింద ఇద్దరి సంతకాలు. సామాను దించకముందే ఫోనులో వీడియో కూడా తీసుకోండి. ఈ కాగితం రాసుకుని ఖాళీ చేసిన ఇద్దరికీ అడ్వాన్సు పూర్తిగా తిరిగొచ్చింది, ఒకాయన ఓనరైతే "ఇదేదో బాగుంది, ఇంకో రెండివ్వండి" అని అడిగి తీసుకున్నాడు.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడిగారు. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం మూలంలో ఉంది, ఆ ఖర్చు ఎవరికీ ఇష్టం లేక 11 నెలలు రాసుకుంటారు, అంతే. ఏ రాతా లేకుండా నెలనెలా బాడుగ కడుతున్నా సరే, ఖాళీ చేయమనాలంటే 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్లో ఉంది. "రేపు పొద్దునకల్లా పోండి" అంటే భయపడి మూట కట్టేయకండి.

ఇక కరెంటు. దీని మీద నాకు కోపం ఉంది, కాస్త ఎక్కువే రాస్తాను. మనవాళ్లు చాలామంది ఒకే మీటరు మీద మూడు పోర్షన్లున్న ఇళ్లలో ఉంటున్నారు, ఓనరు సబ్-మీటరు పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు వసూలు చేస్తాడు. ఇళ్ల కరెంటులో అన్నిటికన్నా పై స్లాబు రేటే 9 రూపాయల 75 పైసలు, అదీ నెలకు 400 యూనిట్లు దాటిన తర్వాతి యూనిట్లకు. మొదటి 30 యూనిట్లు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75. మూడిళ్లు తలా 100 యూనిట్లు కాల్చాయనుకోండి. విడి మీటరుంటే ఒక్కో ఇంటికి 304 రూపాయల 50 పైసలు. అంతా ఒకే మీటరులో పడితే 300 యూనిట్లకు 1,673 రూపాయలు, అంటే ఇంటికి సుమారు 558. స్లాబు పైకి ఎక్కడం వల్ల పడే దెబ్బ ఇది. ఓనరు మన దగ్గర వసూలు చేసేది ఇంటికి వెయ్యి. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు వేరే ఉంటాయి నిజమే, అయినా తేడా మీకే తెలుస్తుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక నాలుగిళ్ల ఓనర్లు విడి మీటర్లకు ఒప్పుకున్నారు, ఆ ఖర్చు సగం సగం. ఒకాయన మాత్రం "లెక్కలు చెప్పేవాళ్లకు ఇల్లివ్వను" అన్నాడు. సరే, ఆయన ఇల్లు, ఆయన ఇష్టం.

ఆసుపత్రులకు వస్తే, కర్నూలు సర్కారు పెద్దాసుపత్రి గురించి మనలో మనం ఎంత తిట్టుకున్నా, మన జిల్లా ఒక్కటే కాదు, నంద్యాల, అనంతపురం, అటు గద్వాల, రాయచూరు నుంచి కూడా జనం వచ్చి పడేది అక్కడికే. ఓపీ చీటీ దగ్గర క్యూ చూస్తే పొద్దున ఎనిమిదికే గుండె జారుతుంది. ఫోనులో స్కాన్ చేసి టోకెన్ తీసుకోవచ్చు, కానీ మన పెద్దవాళ్ల దగ్గర ఉండేది బటన్ ఫోనేనాయె. డిగ్రీ చదివే మన పిల్లలు ముగ్గురు సోమ, గురువారాలు వంతులేసుకుని పెద్దవాళ్ల వెంట వెళ్లి చీటీ తీసిచ్చారు. పరీక్షలప్పుడు ఆగిపోయింది, మళ్లీ మొదలుపెట్టాలి.

జూలైలో జరిగింది చెప్పాలి. ఒక పెద్దాయనకు రాత్రి పదకొండుకు ఛాతీలో నొప్పి వస్తే కొడుకు టెన్షన్‌లో దగ్గర్లో కనిపించిన ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాడు, అడగ్గానే 30 వేలు కట్టాడు. ఆ 30 వేలు ఎద్దులమ్మిన డబ్బు. పొద్దున ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే "నగదు పేషెంటుగా రాశాం, ఇప్పుడు మార్చలేం" అన్నారు. మేం వెళ్లి రెండు గంటలు వాదిస్తే స్టెంటు వరకు పథకంలోకి వచ్చింది, కట్టింది మాత్రం తిరిగి రాలేదు. పథకం 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ, పేరు ఏదైనా చేయాల్సింది ఒకటే: డబ్బు కట్టకముందే లోపల ఆ పథకం డెస్కు ఎక్కడుందో అడగడం. రాత్రయినా సరే, 104కు ఫోన్ చేసి ఏ ఆసుపత్రికి పోవాలో కనుక్కోవచ్చు. అక్టోబరులో బకాయిల కోసమని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపినప్పుడు మనవాళ్లలో ఇద్దరి ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, ఒకరు ఆగలేక అప్పు చేసి చేయించుకున్నారు. దానికి మనం చేయగలిగింది చేబదులు ఇవ్వడమే.

కార్డులో ఇంకో చిక్కు. పెళ్లై వచ్చిన కోడళ్ల పేర్లు ఇంకా పుట్టింటి రైసు కార్డులోనే ఉంటున్నాయి. కాన్పుకు ఆసుపత్రిలో చేరిన రోజు ఇది గుర్తొస్తుంది. సచివాలయానికి పోతే అక్కడ బాడుగ కాగితం అడుగుతారు, ఓనరేమో రాసివ్వడు, చూడండి మళ్లీ ఇంటి దగ్గరికే వచ్చాం. ఈ ఏడాది తొమ్మిది మందివి మార్పించగలిగాం, ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు.

బీపీ, షుగరు మాత్రలు వాడేవాళ్లు జనఔషధి షాపు ఒకసారి చూడండి. మా అమ్మకు నెలకు 640 అయ్యేవి ఇప్పుడు 170కి వస్తున్నాయి. డాక్టరుకు చీటీ చూపించి అదే మందా అని అడిగాకే మార్చాం, మీరూ అలాగే చేయండి. రక్తం ఇచ్చేవాళ్ల లిస్టులో 31 మంది ఉన్నారు. డెంగీ రోజుల్లో తొమ్మిది మంది వెళ్లి ఇచ్చొచ్చారు, అందులో ఒకరు డ్యూటీ దిగి అన్నం కూడా తినకుండా వస్తే బ్లడ్ బ్యాంకులో తిట్టి వెనక్కి పంపారు, తిని మళ్లీ వెళ్లాడు.

ఉద్యోగాల్లో మంచి కబుర్లు రెండు. 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చిన 6,100 కానిస్టేబుల్ పోస్టుల ఫలితాలు చివరికి 2025 ఆగస్టు 1న వచ్చాయి, మనవాడు ఒకడు సెలక్ట్ అయ్యాడు. ఈ మూడేళ్లూ పొద్దున స్టేడియంలో పరుగు, మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు ఫుడ్ డెలివరీ. వాళ్లమ్మ పంచిన లడ్డూలు తిననివాళ్లు మనలో లేరు. 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో ఉమ్మడి కర్నూలుకే ఎక్కువ పోస్టులొచ్చాయి కదా, మన అమ్మాయిలు నలుగురు రాస్తే ఒకరికి ఎస్జీటీ (చిన్న తరగతుల టీచరు) పోస్టు వచ్చింది. రానివాళ్లలో ఒకమ్మాయి నెల రోజులు బయటికి రాలేదు, ఆగస్టులో ఉచిత బస్సు మొదలయ్యాక నంద్యాలలో ఒక ప్రైవేటు బడికి రోజూ పోయి వస్తోంది. జీతం 9 వేలు, ఛార్జీలు పెట్టుకుని పోవాల్సి ఉంటే అది కుదిరేదే కాదు.

చెడ్డ కబురు. డేటా ఎంట్రీ, ఇంట్లో కూర్చుని రోజుకు 800 అని వాట్సాప్‌లో వచ్చిందానికి మన సభ్యుల అమ్మాయి ఒకతె చిక్కింది. ముందు రిజిస్ట్రేషన్ 499, తర్వాత సాఫ్ట్‌వేర్‌కు 2,500, పని సరిగా చేయలేదు, కోర్టు నోటీసు పంపుతాం అని బెదిరించి 9,000. మొత్తం 11,999. నోటీసులో అశోక చక్రం కూడా వేశారు, పక్కన అక్షరదోషాలు. ఇంట్లో తిడతారని నాలుగు రోజులు చెప్పలేదు. మేం సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయించేసరికి చివరి మొత్తంలో 4 వేలు మాత్రం బ్యాంకులో ఆగాయి, ఆ 4 వేలూ ఇంకా చేతికి రాలేదు. మొదటి రోజే చెప్పి ఉంటే 499తో పోయేది. పిల్లల్ని తిట్టకండి అని తల్లిదండ్రులకు నా మనవి, తిడితే దాచేస్తారు.

ఓర్వకల్లు వైపు ఫ్యాక్టరీల్లో ఐటీఐ పిల్లలు ఐదుగురు చేరారు, అందరూ కాంట్రాక్టు కిందే. పీఎఫ్ కట్ అవుతోందో లేదో పేస్లిప్పులో చూసుకోమని చెప్పాం.

లెక్కలు. పాత నిల్వ 14,200, నెలకు 50 చందా కింద వచ్చింది 27,150 (అందరూ కట్టి ఉంటే 34,800 రావాలి, ఎవరో మీకే తెలుసు). మీటింగులకు కుర్చీలు, టీలు 3,600, జిరాక్సులు 2,150, పాత వీల్‌చైర్ కొన్నది 4,500. ఏడుగురికి తలా మూడు వేలు చేబదులు ఇచ్చాం, ఐదుగురు తిరిగి కట్టారు, ఆరు వేలు రావాలి. చేతిలో ఉన్నది 25,100. బిల్లులు కోశాధికారి అన్న దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు.

ఆ వీల్‌చైర్ మాత్రం దీపావళి తర్వాత ఎవరింటికి పోయిందో రిజిస్టర్లో లేదు. పెద్దాసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయిన ఒక అమ్మ కోసం ఇప్పుడు అది కావాలి. ఎవరి మిద్దె మీద ఉన్నా సరే, ఈ ఆదివారం మీటింగుకు వచ్చేటప్పుడు తోసుకుంటూ తీసుకురండి, టైరులో గాలి నేను కొట్టిస్తాను.

— కార్యదర్శి