ఇస్సాకు బావుల ప్రసంగం ఎవరికి?

సంపాదకులకు,

వారసత్వ ఆస్తి కోసం తోబుట్టువులు కోర్టుకెక్కడంపై మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. సర్దుకుపోతే సరిపోతుందన్న ధోరణి అందులో కనిపించింది. ఎవరు సర్దుకుపోవాలి అన్న ప్రశ్న మాత్రం కనిపించలేదు.

నేను విశాఖలో దస్తావేజులు రాసి బతికినవాణ్ణి, క్రైస్తవుణ్ణి. మధురవాడ, ఆనందపురం వైపు స్థలాల ధరలు పెరిగే కొద్దీ నా దగ్గరికి హక్కు విడుదల దస్తావేజులు ఎక్కువగా రాసాగాయి. వాటిలో హక్కు వదులుకునేది ఇంచుమించు ఎప్పుడూ ఆడపడుచే. మా క్రైస్తవ సంఘాలవాళ్లయితే బైబిలు వాక్యం కూడా వెంట తెచ్చుకునేవారు. "ఇస్సాకు బావులే వదిలేశాడు, నాకెందుకండీ ఈ గొడవ" అంటూ ఒకావిడ సంతకం పెడుతుంటే, పక్కన నిలబడ్డ తమ్ముడు "ఆమేన్" అన్నాడు. అంత తేలిగ్గా వచ్చిన ఆమేన్ నేను ఏ కూటంలోనూ వినలేదు.

బైబిల్లోని ఆదికాండం 26వ అధ్యాయంలో ఇస్సాకు పనివాళ్లు తవ్విన బావిని గెరారు కాపరులు తమదన్నారు. వదిలేశాడు. రెండోదానికీ అదే గతి. మూడో బావికి ఎవరూ అడ్డు రాలేదు. మన ప్రసంగాలు అక్కడ ఆగిపోతాయి. కాస్త పైకి చదివితే, నువ్వు మాకంటే బలవంతుడివయ్యావు, వెళ్లిపొమ్మని రాజే ఇస్సాకుతో అన్నాడు. మందలున్నాయి, పనివాళ్లున్నారు. ఒక బావి పోతే మరొకటి తవ్వించుకోగలడు. పశువుల కాపరుల తగాదా వచ్చినప్పుడు, ఏ వైపు కావాలో నువ్వే ఎంచుకోమని సోదరుడి కొడుకు లోతుతో అన్నదీ ఇస్సాకు తండ్రి, పెద్దవాడైన అబ్రాహామే. చిన్నవాణ్ణి తగ్గమని ఆయన అడగలేదు. బలమున్నవాడు వినవలసిన వాక్యాన్ని మనం బలం లేని మనిషికి వినిపిస్తున్నాం.

కలహం ముదరకముందే విడిచిపెట్టమని బైబిల్లోని సామెతల గ్రంథం 17:14 చెబుతుంది. కాదనను. అమ్మ గొలుసు కోసం వ్యాజ్యం వేసి, ఆ గొలుసు విలువకు మించి ఖర్చుపెట్టినవాళ్లను చూశాను. మా పక్కింటాయన మెట్లు మా స్థలంలోకి అడుగు మేర వచ్చాయి. పత్రాలూ కొలతలూ తెలిసినవాణ్ణి, వ్యాజ్యం వేస్తే గెలిచేవాణ్ణే. వేయలేదు, పండుగలకు పిండివంటలు ఇటూ అటూ తిరుగుతూనే ఉన్నాయి. ఆ అడుగు నాది కనుక వదులుకున్నాను. మా చెల్లెలి వాటాలో అంగుళం వదిలే అధికారం నాకెక్కడిది? వదులుకొమ్మని ఆమెకు వాక్యం చెప్పే అధికారం అంతకన్నా లేదు, ఆ వాటా చేరేది నాకే అయినప్పుడు.

ఫిలిప్పీ పట్టణంలో అపొస్తలుడు పౌలును, ఆయన తోటి ప్రచారకుడు సీలను విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేశారు. తెల్లవారాక చడీచప్పుడు లేకుండా పొమ్మంటే పౌలు కదలలేదు. మేం రోమా పౌరులం, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకుపోవాలన్నాడు. అధికారులు వచ్చి బతిమాలాకే బయటికి నడిచాడు. అన్యాయం సహించడం మేలు కాదా అని కొరింథువారికి రాసిందీ ఈ పౌలే. ఆడపిల్లలకు వినిపించే వాక్యం అదే, మొదటి కొరింథీ 6:7. దాని ముందు మాటల్లో, సోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని సంఘాన్ని నిలదీశాడు. పెద్దలు ఆ పని చేయకుండా, కోర్టుకు వెళ్లొద్దని మాత్రం అంటే ఎలా?

పెద్దలకు చట్టం కూడా కొంత తెలియాలి. తండ్రి వీలునామా రాయకుండా పోతే, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ కుటుంబంలో భార్యకు మూడో వంతు, మిగిలినది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా చెందుతుంది. కోర్టు ఖర్చుకు భయపడేవారికి లోక్ అదాలత్ ఉంది. అక్కడ రుసుము లేదు, రాజీ కుదిరితే ఆ తీర్పుపై అప్పీలూ లేదు. ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టమే చెబుతోంది.

పాస్టరు గార్లకు ఒక మనవి. అక్క సంతకానికి బయలుదేరే ముందు తమ్ముణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి మొదటి కొరింథీ 6:8 చదివించండి. మీరే అన్యాయం చేస్తున్నారు, అదీ మీ సోదరులకే అని అందులో ఉంది. చదివాక కూడా అతను ఆమేన్ అంటాడేమో చూడండి.

ఇట్లు,
విశ్రాంత దస్తావేజు లేఖరి,
కంచరపాలెం, విశాఖపట్నం