ధాన్యం డబ్బాలో మందు బిళ్లలు వద్దు

సంపాదకులకు,

ముక్కుపురుగు కనిపిస్తే బియ్యం ఎండలో పోసి, జల్లించి, మళ్లీ అదే డబ్బాకెత్తడం ఏళ్ల తరబడి నేను చేసిన పని. నెల తిరిగేసరికి పురుగు మళ్లీ సిద్ధం. ఒకరోజు విసుగొచ్చి గింజలను భూతద్దం కింద పెట్టాను. ఒక గింజకు గుండ్రని కన్నం, లోపలంతా డొల్ల. పైకి నిక్షేపంగా ఉన్న పక్క గింజను గోటితో చీలిస్తే, కాళ్లు లేని తెల్లని పిల్లపురుగు ముడుచుకొని ఉంది! తల్లి పురుగు గింజను తొలిచి, గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుందట. ఇక జల్లెడకు ఏం చిక్కుతుంది?

అప్పటి నుంచి కొత్త బియ్యాన్ని గట్టిగా మూసిన సంచుల్లో మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచుతున్నాను. గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా సంచి విప్పను, లేదంటే చెమ్మ పడుతుంది. పాత గింజల మీద కొత్తవి పోయను. అలమర మూలల్లో రాలిన నాలుగు గింజలు చాలు, పురుగు మళ్లీ మొదలవడానికి.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను కొందరు ఇంటి డబ్బాల్లో వేస్తున్నారు. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటి నుంచి ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది. మూసిన గదిలో నిద్రపోయేవారి ప్రాణం తీస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. దయచేసి మీ గృహిణుల పేజీలో ఈ హెచ్చరికను పెద్ద అక్షరాలతో వేయండి.

– ఒక పాఠకురాలు