పీఎఫ్ కోసం పాత యజమాని చుట్టూ తిరగక్కర్లేదు

ఎడిటర్ గారికి,

కడపలో ఒక చిన్న కంపెనీలో ఆరేళ్లు పనిచేసి మానేశాను. పీఎఫ్ గురించి అడిగితే రేపు రా, ఎల్లుండి రా అని నాలుగు నెలలు తిప్పుకున్నారు, నేను మానేసిన తేదీ కూడా ఎక్కించలేదు, ఆ ఒక్క గడి ఖాళీగా ఉన్నందుకే క్లెయిమ్ ముందుకు కదల్లేదు. ఎంత టెన్షన్ పడ్డానో! ఆఖరి జమ పడి రెండు నెలలు దాటితే ఆ తేదీని మనమే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే నంబరు) పోర్టల్‌లో 'మార్క్ ఎగ్జిట్' కింద ఆధార్ ఓటీపీతో నమోదు చేసుకోవచ్చని నాకెవరూ చెప్పలేదు. తేదీ మాత్రం జాగ్రత్తగా చూసి వేయాలి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా కలిపి ఉంటే పీఎఫ్ డబ్బు తీసుకోడానికి ఫారం 19, పదేళ్లలోపు సర్వీసైతే పెన్షన్ సొమ్ముకు ఫారం 10సీ, యజమాని సంతకం లేకుండానే ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. నెలనెలా మన జీతంలోంచి కోసిన డబ్బు కూడా అందులో ఉంది కదా! ప్రతి నెలా 27న పీఎఫ్ అధికారులు జిల్లాల్లో పీఎఫ్ సమస్యలు వినడానికి పెట్టే 'నిధి ఆప్కే నికట్' శిబిరం ఎక్కడో మీ జిల్లా పేజీలో ముందురోజే వేయండి.

- ఒక పాఠకుడు, కడప