ఎక్స్‌రే రిపోర్టులో ఖాళీ వదిలితే మార్కుల కోతా?

సంపాదకులకు,

డాక్టర్లు చెప్పి రికార్డు చేసింది విని టైప్ చేసే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో ఎక్స్‌రే రిపోర్టు తేలిక పని అన్న అభిప్రాయం ఒకటి పాతుకుపోయింది. రిపోర్టు చిన్నది, చెప్పే మాటలూ ఎప్పుడూ అవే. అందుకే ఫిల్మ్ చూస్తూ డాక్టర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు, మాటల చివర్లు మింగేస్తారు. చిక్కంతా అక్కడే వస్తుంది.

బొత్తిగా తెలియని పదంతో పెద్ద ప్రమాదం లేదు. అర్థం కాలేదని టైప్ చేసేవారికే తెలుస్తుంది, ఆగుతారు. తెలిసిన మాటలా చెవిన పడే పదంతోనే కొంప మునుగుతుంది. స్పెల్‌చెక్ కూడా దాని కింద ఎర్రగీత పెట్టదు.

నడుము వెన్నెముక రిపోర్టే తీసుకోండి. డాక్టరు 'ష్మోర్ల్స్ నోడ్స్' అంటారు, చెవికి 'స్మాల్ నోడ్స్' అని వినిపిస్తుంది. మొదటిది పూసల మధ్య ఉండే డిస్క్ పదార్థం ఎండ్‌ప్లేట్‌ను (పూస అంచు పలకను) తొలుచుకుని వెన్నుపూసలోకి చొరబడిన గుర్తు. రెండోదాన్ని చదివినవారు లింఫ్ గ్రంథులేమోనని అనుమానపడతారు. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఆ మాటకు ముందు ఎండ్‌ప్లేట్ అనో, డీ12, ఎల్1 అని పూస నంబరో వచ్చిందా చూడాలి. ఎండ్‌ప్లేట్ మీద లింఫ్ గ్రంథి ఉండదు. అలాగే 'కెర్లీ బీ లైన్స్' 'కర్లీ'గా మారిపోతుంటాయి. కెర్లీ ఒక రేడియాలజిస్టు పేరు, వంకరతో దానికి సంబంధం లేదు. నిజానికి అవి ఊపిరితిత్తుల అడుగున, ప్లూరాను (ఊపిరితిత్తుల పైపొరను) తాకుతూ అడ్డంగా కనిపించే సన్నని పొట్టి తిన్నని గీతలు. పక్కనే గుండె పరిమాణం పెరగడం, ఇంటర్‌స్టీషియల్ ఎడీమా (ఊపిరితిత్తి కణజాలంలో నీరు చేరడం) ప్రస్తావన ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. ప్లూరల్ 'ఎఫ్యూజన్' కాస్తా 'ఇన్‌ఫ్యూజన్' అవడం మరీ మామూలు. నీరు చేరింది అనవలసింది, ఎక్కించారు అన్నట్టు తయారవుతుంది.

స్పాండిలోసిస్, స్పాండిలోలైసిస్, స్పాండిలోలిస్తీసిస్ అనే మూడింటినీ వేగంగా పలికితే ఒక్కటిలాగే ఉంటాయి. ఆస్టియోఫైట్లు (ఎముక అంచున పెరిగే మొనలు), డిస్క్ స్పేస్ తగ్గడం గురించి చెబుతుంటే మొదటిది. పార్స్‌లో (పూస వెనుక భాగంలోని సన్నని ఎముకలో) డిఫెక్ట్ అంటే రెండోది. ఒక పూస మరోదాని మీద జరిగింది, గ్రేడ్ 1, గ్రేడ్ 2 అంటున్నారంటే మూడోది. చుట్టూ ఈ ఆనవాళ్లేవీ లేకపోతే ఆ చోట పదం రాయకుండా ఖాళీ వదలాల్సిందే.

వ్యూల (ఎక్స్‌రే తీసే కోణాల) పేర్లలోనూ ఇదే తంతు. సైనస్‌లకు తీసే వాటర్స్ వ్యూ, పుర్రె వెనుక భాగానికి తీసే టౌన్స్ వ్యూ మనుషుల పేర్లతో వచ్చినవి. నీరు, పట్నం అనుకుని స్పెల్లింగు రాసేస్తారు. స్విమ్మర్స్ వ్యూ మాత్రం నిజంగానే ఈతగాడి భంగిమ. ఒక చెయ్యి పైకెత్తించి మెడ, ఛాతీ పూసలు కలిసేచోట తీస్తారు. దాన్నీ ఎవరి పేరో అనుకుని 'సరిదిద్దే' అతి తెలివి ఉంది.

సరిగా వినబడనప్పుడు ఆ మాటకు రెండు మూడు సెకన్లు ముందు నుంచి మొదలుపెట్టి, దాటిన తర్వాత కూడా వినాలి. వేగం కొద్దిగా తగ్గించవచ్చు, మరీ తగ్గిస్తే హల్లులు అలుక్కుపోతాయి. చివర్లో సారాంశంగా చెప్పే ఇంప్రెషన్ భాగంలో అదే మాటను నిదానంగా మళ్లీ చెప్పే అవకాశం ఎక్కువ కాబట్టి అది విన్నాకే వెనక్కి రావాలి. అదే డాక్టరు పాత రిపోర్టులూ అక్కరకొస్తాయి. డిక్షనరీలో వెతికేటప్పుడు పలకని అక్షరాలను గుర్తుపెట్టుకోవాలి. న్యూమోథొరాక్స్ ఎన్ కింద దొరకదు, పీ కింద ఉంటుంది. జైఫాయిడ్‌ను ఎక్స్ కింద చూడాలి.

అంకెల సంగతి వేరు. 15, 50 ఇంగ్లిషులో ఒకేలా వినిపిస్తాయి. 3 సెంటీమీటర్లు దాటితే ఊపిరితిత్తిలోని మచ్చను నాడ్యూల్ అనరు, మాస్ అంటారు. కాబట్టి '50 మిల్లీమీటర్ల నాడ్యూల్' అని వినబడితే చెవినే అనుమానించాలి. అలాగని 15 అని దిద్దేయకూడదు, అడగాలి. దశాంశ బిందువు తర్వాత చివర్లో సున్నా పెట్టకూడదన్న నియమం మందుల మోతాదులకు వర్తిస్తుంది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ నిషేధిత సంక్షిప్తాల జాబితా కూడా, ఇమేజింగ్‌లో కొలత కచ్చితత్వం తెలపడానికి ఆ సున్నాను అనుమతిస్తుంది. 3.0 సెంటీమీటర్లు అని చెబితే 3.0 గానే ఉంచాలి.

అన్నింటికన్నా భయపెట్టేది 'నో' అన్న చిన్న మాట. గొంతు వినబడగానే రికార్డయ్యే పరికరాల్లో మొదటి అక్షరం తెగిపోతుంది. 'నో ఫ్రాక్చర్' ఫ్రాక్చర్ అయిపోతుంది. ఫైండింగ్స్‌కూ (ఫిల్మ్‌లో కనిపించినవాటికీ) ఇంప్రెషన్‌కూ పొంతన కుదరకపోయినా, కుడి ఎడమలు ఎక్స్‌రే కోరుతూ పంపిన రిక్విజిషన్‌తో సరిపోకపోయినా టైప్ చేసేవారు తీర్పు చెప్పకూడదు. విన్నది విన్నట్టు రాసి, గుర్తు పెట్టి పంపాలి.

ఇంత జాగ్రత్త ఎవరు పడతారు? జీతం లైన్ల లెక్కన, 65 అక్షరాలకు ఒక లైను చొప్పున కట్టేచోట ఒకే పదం దగ్గర అయిదు నిమిషాలు ఆగితే నష్టం టైప్ చేసినవారిదే. పైగా చాలాచోట్ల ఖాళీ వదిలితే క్వాలిటీ మార్కులు కోస్తారు, ఊహించి రాసింది ఎవరి కంటా పడకపోతే నూటికి నూరు వేస్తారు. మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఇది ఇంకా ముదిరింది. వినబడని చోట కూడా అది నున్నగా ఏదో ఒక మాట పెట్టేస్తుంది. ఎడిటరు వినడం మానేసి చదవడం మొదలుపెడితే ఆ మాట అలాగే దాటిపోతుంది.

నిర్వాహకులను కోరేది ఒకటే. ఆడియో సమయం వేసి వదిలిన ఖాళీని తప్పుల లెక్కలో వేయకండి, తప్పుడు ఊహను మాత్రం పెద్ద తప్పుగా లెక్కించండి. ఖాళీతో పాటు డాక్టరుకు వెళ్లే చీటీలో ఆడియో సమయం, ముందూ వెనకా వాక్యాలు, చెవికి వినబడిన ధ్వని, అనుమానమున్న రెండు పదాలు ఉంటే చాలు. రిపోర్టు మొత్తం మళ్లీ వినకుండానే ఆయన జవాబివ్వగలరు.

ఇట్లు,
ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఎడిటర్